పరీక్షలన్నీ బాగున్నాయంటున్నారు, తమ్ముడి భయం మాత్రం తగ్గడం లేదు: ఆందోళన రుగ్మతలపై చర్చ

గౌతమి తీరం (కొవ్వూరు):

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్ళు, హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం. కిందటి ఏడాది చివర్లో మెట్రో రైలులో ఆఫీసుకు వెళ్తుండగా ఉన్నట్టుండి గుండె దడ మొదలై, ఊపిరి అందక, వేళ్ళు తిమ్మిరెక్కి, ముచ్చెమటలు పట్టి, ఇక ప్రాణం పోతోందన్న భయంతో దారిలోనే దిగిపోయాడు. ఆసుపత్రిలో ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు చేసి, ఏమీ లేదని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపారు. ఆ తర్వాత అదే బాధ మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మెట్రో ఎక్కడు, లిఫ్టులో ఒంటరిగా వెళ్ళడు, ఫ్లైఓవరు ఉన్న దారి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తాడు. చివరికి సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాడు. రాత్రిళ్ళు అమ్మ అతని గదిలోనే పడుకుంటోంది, బయటికి వెళ్తే ఎవరో ఒకరం వెంట ఉంటున్నాము.

బంధువుల్లో కొందరు గ్యాస్ అంటున్నారు, కొందరు దిష్టి అంటున్నారు, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని పెద్దనాన్నగారు అంటున్నారు. ఏమీ లేకపోతే మనిషి ఇంతగా ఎందుకు కుంగిపోతున్నాడు? ఇది జబ్బే అయితే ఎవరికి చూపించాలి, ఇంట్లో మేము ఎలా మెలగాలి? తెలిసినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

నిర్వాహకులు:

ఈ చర్చలో సభ్యులు తమకు తెలిసినది, తాము అనుభవించినది రాయవచ్చు. మందుల మోతాదులు మాత్రం ఎవరూ సూచించవద్దు. చదువుతున్నవారిలో ఎవరికైనా బ్రతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే, ఈ చర్చ ముగిసేదాకా ఆగకుండా వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. రాత్రీ పగలూ పని చేస్తుంది, రుసుము లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

రాత్రి విధులు (కర్నూలు):

గౌతమి తీరం గారూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యుడిని. మీ తమ్ముడు పడుతున్న బాధతో అత్యవసర విభాగానికి వచ్చేవారిని తరచుగా చూస్తుంటాను. ‘ఏమీ లేదు’ అన్నప్పుడు వైద్యుడి ఉద్దేశం గుండె కండరంలోనూ, కవాటాల్లోనూ, లయలోనూ లోపం కనబడలేదని మాత్రమే. అయితే రోగి చెవికి అది ‘నువ్వు లేనిపోనిది ఊహించుకుంటున్నావు’ అన్నట్టు వినబడుతుంది, దాంతో ఇంకొక ఆసుపత్రి, ఇంకొక ఎకో, ఇంకొక ఎండోస్కోపీ అంటూ ఏళ్ళు గడిచిపోతాయి. అందువల్ల ఏమీ లేదని చెప్పి వదిలేయడం వైద్యంలో సగం పనేనని నేను గట్టిగా నమ్ముతాను.

అతనికి కలిగిన ప్రతి లక్షణమూ శరీరంలో నిజంగా జరిగినదే. ప్రమాదం ఉందని మెదడు అనుకున్న మరుక్షణం అమిగ్డలా అనే భాగం నుంచి మెదడులోనే ఉన్న హైపోథాలమస్‌కు, అక్కడి నుంచి నాడుల ద్వారా మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది. రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది, చెమట పడుతుంది, కడుపులో తిప్పినట్టవుతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమయ్యే ఈ తీరును అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వర్ణించాడు. ఎదురుగా పాము ఉంటే ఇదంతా మన ప్రాణం కాపాడుతుంది. మెట్రో బోగీలో పామూ లేదు, పరుగెత్తడానికి చోటూ లేదు.

వేళ్ళు తిమ్మిరెక్కడానికి కారణం మరొకటి. భయంలో మనిషి తనకు తెలియకుండానే వేగంగా శ్వాసిస్తాడు. రక్తంలోని కార్బన్ డయాక్సైడు అవసరానికి మించి బయటికి పోతుంది, దానివల్ల వేళ్ళలోనూ పెదాల చుట్టూ తిమ్మిరి వస్తుంది, మెదడు రక్తనాళాలు కాస్త సంకోచించి తల తేలిపోతున్నట్టు అనిపిస్తుంది. ఊపిరి అందడం లేదని రోగి అల్లాడుతున్న ఆ సమయంలోనే అతని రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. పాతకాలంలో కాగితపు సంచిలో ఊపిరి తీసుకోమనేవారు. అది ఆస్తమా గానీ గుండెపోటు గానీ అయిన పక్షంలో ప్రమాదకరం కనుక ఇప్పుడు ఎవరూ ఆ పని చేయించకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఈ చర్చ చదివి ఎవరూ తమ ఛాతీ నొప్పికి భయమే కారణమని సొంతంగా నిర్ణయించుకోవద్దు. మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారు, నలభై దాటినవారు ముందు ఈసీజీ తీయించుకోవలసిందే. వయసు తక్కువైనా థైరాయిడ్ ఎక్కువగా పని చేయడం, రక్తహీనత, గుండె లయలో తేడా, రక్తంలో చక్కెర పడిపోవడం వంటివి ఇదే రూపంలో కనబడతాయి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్హేలరు, మితిమీరిన కాఫీ, అకస్మాత్తుగా మద్యం మానడం కూడా దడ పుట్టిస్తాయి. మీ తమ్ముడికి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, రక్తహీనత తెలిపే హిమోగ్లోబిన్ చూసి ఉంటే సరే, లేకపోతే ఒక్కసారి చూపించండి. ఆ తర్వాత మాత్రం పరీక్షలు ఆపేయాలి. అవసరం తీరాక చేయించే ప్రతి పరీక్షా ‘ఏదో ఉంది, ఇంకా దొరకలేదు’ అన్న అనుమానాన్ని బలపరుస్తుంది.

వాల్తేరు (విశాఖపట్నం):

నేను మానసిక వైద్యంలో ఉన్నాను. చూడకుండా రోగనిర్ధారణ చేయకూడదు కనుక మీ తమ్ముడి గురించి కాకుండా, ఇటువంటి లక్షణాలను మేము ఎలా అర్థం చేసుకుంటామో రాస్తాను.

ఉన్నట్టుండి వచ్చి, కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరి, సాధారణంగా అరగంట లోపు దిగిపోయే తీవ్రమైన భయాన్ని పానిక్ అటాక్ అంటారు. జీవితంలో ఒకటి రెండుసార్లు ఇది చాలామందికి వస్తుంది, అంతమాత్రాన జబ్బు కాదు. అది పదేపదే రావడం, మళ్ళీ ఎప్పుడు వస్తుందోనన్న బెదురు నెల రోజులకు పైగా వెంటాడటం, ఆ బెదురుతో మనిషి తన నడవడినే మార్చుకోవడం జరిగినప్పుడు దాన్ని పానిక్ డిజార్డర్ అంటాము. బస్సు, రైలు, రద్దీ, మూసి ఉన్న చోటు, ఇల్లు దాటి ఒంటరిగా వెళ్ళడం వంటి సందర్భాల్లో ఏదైనా జరిగితే తప్పించుకోలేనేమో, సాయం అందదేమో అన్న భయంతో వాటిని మానుకుంటూ పోతే అది అగోరాఫోబియా. ఈ రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి.

దీన్ని నిలబెట్టేది ఒక విష వలయం. ఆక్స్‌ఫర్డ్‌లో పని చేసిన మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో దాన్ని స్పష్టంగా వివరించాడు. మెట్లెక్కినందుకో, ఎండకో, నిద్రలేమికో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ‘ఇది గుండెపోటు’ అని మనసు అర్థం చెప్పుకుంటుంది. ఆ అర్థానికి భయం పుడుతుంది, ఆ భయానికి అడ్రినలిన్ ఇంకా పెరుగుతుంది, గుండె ఇంకా వేగమవుతుంది, ‘చూశావా, నిజమే’ అని మనసు నిర్ధారించుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. అతను మెట్రో దిగిపోగానే భయం తగ్గింది. దిగడం వల్లనే బతికానని మెదడు నేర్చుకుంది. దిగకపోయినా మరి కొద్ది నిమిషాల్లో అది తనంతట తానే తగ్గేదన్న సంగతి నేర్చుకునే అవకాశం దానికి దక్కలేదు. మొదట మెట్రో, తర్వాత లిఫ్టు, తర్వాత ఫ్లైఓవరు, చివరికి ఊరే వదిలి రావడం. మీరు రాసిన వరుసలోనే జబ్బు పెరిగిన వరుస కూడా కనిపిస్తోంది. భయపడిన ప్రతిచోటునూ వదులుకుంటూ పోతే మనిషికి చివరికి ఒక గది మిగులుతుంది. ఆందోళన రుగ్మతల్లో బాధ పెట్టేది భయమే అయినా, బతుకును చిన్నది చేసేది తప్పించుకోవడం.

బతుకమ్మ పూలు (హనుమకొండ):

మీ అందరి మాటల్లో భయం ఒక్కసారిగా విరుచుకుపడటం గురించే ఉంది. నాది వేరు. నాకు ఎన్నడూ అటువంటి అటాక్ రాలేదు. ఏళ్ళ తరబడి ఒక రంది నా లోపల ఆగకుండా తిరుగుతూనే ఉండేది. పిల్లవాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు ప్రమాదం కళ్ళ ముందు ఆడేది. మా ఆయన ఫోన్ ఎత్తకపోతే చేతులు చల్లబడేవి. గ్యాస్ కట్టేశానా, ఫీజు సమయానికి కట్టగలమా, మామగారి చక్కెర పెరుగుతుందా అని, ఒక చింత తీరకముందే మరొకటి తగులుకునేది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తెల్లవారేదాకా కళ్ళు తెరిచి పడుకునేదాన్ని. మెడ, భుజాలు కట్టె మాదిరి బిగుసుకుపోయేవి. వాటికి నొప్పి బిళ్ళలు వేసుకున్నాను, కడుపు మంటకు ఒక వైద్యుడిని, తలనొప్పికి మరొకరిని చూశాను, మనసు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటిల్లిపాది గురించి ఆలోచించడం ఇల్లాలి బాధ్యతేనని అనుకున్నాను. అత్తమ్మ కూడా ‘నీకు ఇంటి మీద ధ్యాస ఎక్కువ బిడ్డా’ అని మెచ్చుకునేది.

దీనికి జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అని పేరుందని, కనీసం ఆరు నెలల పాటు ఎక్కువ రోజులు ఇటువంటి అదుపులేని చింత ఉండి, దానితో పాటు నిద్రలేమి, కండరాల బిగుతు, అలసట, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం వంటివి కలిస్తే గుర్తిస్తారని చివరికి ఒక మానసిక వైద్యురాలు చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. నేను చెడ్డదాన్ని కాదు, బలహీనురాలిని కాదు, నాకు చికిత్స ఉన్న ఒక జబ్బు ఉంది, అంతే.

గౌతమి తీరం గారూ, ఇంట్లో వాళ్ళు కూడా ఎంత నలిగిపోతారో నాకు తెలుసు. నా బిడ్డలు ఎక్కడికి పోయినా చేరగానే ఫోన్ చేయాలి, చేయకపోతే ఏడ్చేదాన్ని. వాళ్ళు నా కోసం విహారయాత్రలు మానుకున్నారు. నా చిరాకు వెనుక భయం ఉందని వాళ్ళకు తెలియదు, వాళ్ళ మౌనం వెనుక విసుగు ఉందని నాకు తెలియదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు (తెనాలి):

సభ్యుల బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా ఒక సందేహం అడుగుతాను. మా తరంలో కరువులు చూశాము, 1977 దివిసీమ ఉప్పెన చూశాము, ఒక్క జీతంతో పెద్ద కుటుంబాలను ఈదాము. ఈ రుగ్మతల పేర్లు అప్పుడు వినలేదు. నేటి పిల్లలకు కష్టం అలవాటు లేకపోవడం, ఒంటరితనం, చేతిలో ఫోను, వీటి వల్లనే ఇది వస్తోందని నా అభిప్రాయం. మందుల జోలికి పోకుండా ప్రాణాయామం, ధ్యానం, దైవచింతన అలవాటు చేసుకుంటే చాలదా?

వాల్తేరు (విశాఖపట్నం):

మాష్టారూ, మీ సందేహం చాలా ఇళ్ళలో ఉన్నదే కనుక కాస్త వివరంగా రాస్తాను.

పేర్లు కొత్తవి, బాధ పాతదే. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో గుండె లోపం కనబడకుండానే దడ, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తున్నాయని జేకబ్ డకోస్టా అనే వైద్యుడు 1871లో రాశాడు. ఆందోళనను విడి రుగ్మతగా గుర్తించాలని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1895లో వాదించాడు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో పానిక్ డిజార్డర్‌కు, జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్‌కు వేర్వేరు పేర్లు వచ్చింది 1980లో. అంతకు ముందు మన ఊళ్ళలో ఇటువంటివారిని నరాల బలహీనత ఉన్నవారని, గాలి సోకినవారని, పిరికివారని అనుకున్నారు. ఉప్పెన తర్వాత గాలి వీస్తేనే వణికిపోయినవారు, ఇల్లు కదలని పెద్దమ్మలు మీ తరంలోనూ ఉండి ఉంటారు, వారి బాధ ఎవరూ రాసిపెట్టలేదు, అంతే.

ఇది కొద్దిమంది సుకుమారుల సమస్య కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 30.1 కోట్ల మందికి ఆందోళన రుగ్మతలున్నాయి. మానసిక రుగ్మతలన్నింటిలో ఎక్కువ మందిలో కనిపించేవి ఇవే, పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. మన దేశంలో 2017 నాటికి 4.49 కోట్ల మంది ఈ బాధితులని ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, తరచుగా కనిపించే మానసిక రుగ్మతలున్నవారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ధ్యానం విషయంలో మాత్రం మీ మాటకు ఆధారం ఉంది. ఆందోళన రుగ్మతలున్న 276 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎస్సిటలోప్రామ్ మందు, మరొక జట్టుకు ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఇచ్చిన అమెరికా అధ్యయనం 2022లో వెలువడింది. శిక్షణ ఫలితం మందుకు తీసిపోలేదు. అయితే అది వారానికి రెండున్నర గంటల తరగతి, రోజూ ఇంటి దగ్గర ముప్పావు గంట సాధన ఉన్న క్రమబద్ధమైన శిక్షణ. ‘కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండు’ అన్న సలహాకు, దానికి చాలా దూరం ఉంది. ఇల్లు కదలలేని స్థితికి చేరినవారికి ధ్యానం తోడుగా ఉంటే మంచిదే, చికిత్సకు బదులుగా పెట్టకూడదు. పానిక్ ఉన్నవారిలో కొందరికి శ్వాస మీద దృష్టి పెట్టగానే బెదురు పెరుగుతుంది కూడా. అటువంటివారిని బలవంతం చేయవద్దు.

గణిత అధ్యాపకుడు (గుంటూరు):

ఇంటర్మీడియట్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. తరగతిలో వెనుక వరుసలో కూర్చుని, జవాబు తెలిసినా లేచి చెప్పని పిల్లలను క్రమశిక్షణ గలవారని మేము మెచ్చుకుంటాము, గొడవ చేసేవారి మీదే మా కళ్ళుంటాయి. ఒక అమ్మాయి రాతపరీక్షల్లో ఎప్పుడూ ముందుండేది. వైవా అనే మౌఖిక పరీక్ష రోజున మాత్రం కడుపునొప్పితో రాకుండా ఉండిపోయేది. నలుగురూ చూస్తుంటే మాట్లాడితే గొంతు వణుకుతుందని, నవ్వుతారని ఆమె భయం. సోషల్ యాంగ్జయిటీ అనే ఈ భయం చాలావరకు ఈ వయసు రాకముందే, పదిహేను ఏళ్ళు తిరగకుండానే మొదలవుతుందని తర్వాత తెలుసుకున్నాను. సిగ్గు ఉన్న పిల్ల కొద్దిసేపటికి కలిసిపోతుంది. ఈ భయం ఉన్న పిల్ల మాట్లాడవలసిన రోజుకు వారం ముందు నుంచే నిద్రపోదు, మాట్లాడిన తర్వాత వారం దాకా తన తప్పులే నెమరు వేసుకుంటుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. సోమవారం ఉదయం కడుపునొప్పి అని ఏడ్చే పిల్లవాడు అబద్ధమాడటం లేదు, అతనికి నిజంగానే నొప్పి ఉంటుంది. కానీ బడి మాన్పించిన మరుక్షణం ఆ నొప్పి తగ్గడం చూసి మీరు ఊరట పడితే, వచ్చే సోమవారం మరింత గట్టిగా వస్తుంది. కొట్టడం, పరువు తీశావనడం అంతకంటే చెడ్డవి. కారణం మా కళాశాలల్లోనే ఉండవచ్చు కూడా. ర్యాంకుల వారీగా సెక్షన్లు మార్చే చోట, మార్కులు గోడ మీద అంటించే చోట, భయపడని పిల్లవాడే నాకు ఆశ్చర్యంగా కనిపిస్తాడు.

మందుల దుకాణం (నిజామాబాద్):

ఫార్మసిస్టుగా రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. దడ అనగానే ‘నిద్ర బిళ్ళ’ అని అల్ప్రాజోలామ్ అడిగేవారు చాలామంది. పాత చీటీ చూపిస్తారు, పక్కింటివారి పేరు చెబుతారు. అది 2014 నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్న మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. వేసుకున్న అరగంట, గంటలో హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదం. వారాలు గడిచేకొద్దీ శరీరం దానికి అలవాటు పడుతుంది, ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఒక్కోసారి మూర్ఛలు వస్తాయి. ఇది మా జిల్లాకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 2015లో కల్తీ కల్లును అధికారులు కట్టడి చేసినప్పుడు, అందులో కలిపే అల్ప్రాజోలామ్, డైజిపామ్‌లకు అలవాటు పడినవారు వణుకుతూ, మతి తప్పి, ఫిట్స్‌తో ఆసుపత్రుల ముందు బారులు తీరారు. ఇప్పటికే ఈ మందు వాడుతున్నవారు నా మాట చదివి ఇవాళే మానేయవద్దు, వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

రెండవది, వైద్యులు ముందుగా రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు నిద్ర బిళ్ళలు కావు, వాటికి అలవాటు పడి మోతాదు పెంచుకుంటూ పోయే మత్తు గుణం లేదు. అవి పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కొందరిలో కంగారు కాస్త పెరగడం ఉంటాయి. సరిగ్గా అక్కడే చాలామంది ‘పడలేదు’ అని మానేస్తారు. తగ్గిన తర్వాత కూడా సుమారు ఏడాది పాటు కొనసాగించమంటారు. ఆపేటప్పుడు వీటిని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. దడకు వాడే ప్రొప్రనలాల్‌ను ఆస్తమా ఉన్నవారు పొరపాటున కూడా అడిగి వేసుకోవద్దు.

పరదేశి (డాలస్):

నాకు సూది, రక్తం చూస్తే భయం. ఇక్కడ ఒక వైద్యపరీక్షలో రక్తం తీస్తుండగా కళ్ళు తిరిగి పడిపోయాను. పానిక్‌లో కూడా అలా పడిపోతారా? గౌతమి తీరం గారి తమ్ముడికి అలా పడిపోతానన్న భయం కూడా ఉండవచ్చు కనుక అడుగుతున్నాను.

మనోలేఖ (హైదరాబాద్):

నేను క్లినికల్ సైకాలజిస్టును. మంచి ప్రశ్న అడిగారు. పానిక్‌లో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. స్పృహ తప్పాలంటే రక్తపోటు పడిపోవాలి, అందువల్ల పడిపోతానన్న భయం ఎంత ఉన్నా, నిజంగా పడిపోయేవారు అరుదు. మీ భయానిది ప్రత్యేకమైన తీరు. రక్తం, సూది, గాయం చూసినప్పుడు ముందు రక్తపోటు కాస్త పెరిగి, ఆ వెంటనే పడిపోతుంది, అందుకే కళ్ళు తిరుగుతాయి. దీనికి స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980ల్లో రూపొందించిన పద్ధతి ఉంది. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగించి, అర నిమిషం వదిలి, మళ్ళీ బిగించాలి. దానితో రక్తపోటు నిలబడుతుంది. రక్తం తీసే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. ముందే ఇంటి దగ్గర సాధన చేసి వెళ్ళండి, రక్తం తీసేవారికి చెప్పి పడుకుని ఇవ్వండి.

న్యాయవాది (విజయవాడ):

ఉద్యోగస్తులు చాలామంది రికార్డుల్లోకి ఎక్కుతుందన్న భయంతో వైద్యం మానుకుంటున్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అమలులోకి వచ్చింది 2018 మే 29న. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును 23వ సెక్షన్ ఇస్తుంది. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా కల్పించాలని 21వ సెక్షన్ చెబుతుంది. పాలసీ షరతులు చదువుకుని, నిరాకరిస్తే రాతపూర్వకంగా కారణం అడగండి.

గౌతమి తీరం (కొవ్వూరు):

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. వాల్తేరు గారు రాసిన వలయం దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. రాజమహేంద్రవరంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాము, థైరాయిడ్ కూడా చూశారు, బాగానే ఉంది. మందు మొదలుపెట్టి, సీబీటీ అనే మాటల చికిత్స కూడా తీసుకోమన్నారు. ఇంట్లోవాళ్ళు ప్రతిచోటికీ తోడు వెళ్ళవద్దని, అడిగిన ప్రతిసారీ ఏమీ కాదని చెప్పవద్దని కూడా అన్నారు. అమ్మకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. తోడు వెళ్ళవద్దంటే బిడ్డను గాలికి వదిలేయమనా, అని అడుగుతోంది. రాత్రి గాభరా పడి ‘అమ్మా, నాకేం కాదు కదా’ అని అడిగితే ఏమీ చెప్పకుండా ఎలా ఉండాలి?

మనోలేఖ (హైదరాబాద్):

అమ్మగారికి ముందుగా ఈ మాట చెప్పండి. ఆమె ఇప్పటిదాకా చేసినదంతా ప్రేమతో చేసినది, ఆ ప్రేమను ఎవరూ తగ్గించుకోమనడం లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఆందోళన మీద పని చేసే బృందం, బిడ్డతో కాకుండా తల్లిదండ్రులతోనే పని చేసి, భయానికి లొంగి ఇంట్లో చేసే సర్దుబాట్లను మెల్లగా తగ్గించే పద్ధతిని పరీక్షించింది. బిడ్డకు నేరుగా ఇచ్చిన సీబీటీతో సమానమైన మేలు జరిగింది. మీ తమ్ముడు పెద్దవాడే అయినా, ఆ పద్ధతి సారం మీ ఇంటికీ వర్తిస్తుందని నా నమ్మకం.

‘నాకేం కాదు కదా’ అన్న ప్రశ్నకు ‘ఏం కాదు నాన్నా’ అన్న జవాబు కొద్దిసేపే పని చేస్తుంది. దాని బలం తగ్గగానే మళ్ళీ అడగాలనిపిస్తుంది. దానికి బదులు అమ్మగారు ఇలా అనవచ్చు: ‘నీకు ఎంత భయంగా ఉందో నాకు తెలుస్తోంది. నువ్వు దీన్ని తట్టుకోగలవని కూడా నాకు తెలుసు.’ మొదటి వాక్యం లేకుండా రెండోది చెబితే కఠినంగా ఉంటుంది, రెండోది లేకుండా మొదటిది చెబితే భయమే బలపడుతుంది. ఈ మార్పు చేస్తున్నామని అతనికి ముందుగా, ప్రశాంతంగా ఉన్న వేళ చెప్పండి. నడిరాత్రి అకస్మాత్తుగా జవాబివ్వడం మానేస్తే అది శిక్షలా ఉంటుంది. గది విషయంలో కూడా ఒక్కసారిగా కాదు. మొదట మంచం గుమ్మం దగ్గరికి జరపండి, తర్వాత హాలులోకి, ఆ తర్వాత ఆమె గదిలోకి. ఎప్పుడు జరపాలో నిర్ణయించేది మీ అందరి ఒప్పందం, ఆ రాత్రి అతనికి కలిగిన భయం కాదు.

బయటి సంగతి. గట్టు మీద కూర్చుని ఎవరికీ ఈత రాదు, కానీ తెలియనివాడిని నడిగోదావరిలోకి నెట్టడం కూడా ఈత నేర్పడం కాదు. తేలికైన దాని నుంచి కష్టమైనదాని దాకా ఒక వరుస అతనే రాసుకోవాలి, చికిత్స చేసేవారు సరిదిద్దుతారు. మీ ఊళ్ళోనే మంచి అవకాశం ఉంది. ముందు ఒంటరిగా గోష్పాద క్షేత్రం దాకా నడిచి వెళ్ళడం. తర్వాత మీ స్కూటరు వెనుక కూర్చుని గోదావరి వంతెన మీదుగా రాజమహేంద్రవరం వెళ్ళడం. ఆ తర్వాత బస్సులో, మీరు వెనుక సీట్లో. ఆ తర్వాత అతనొక్కడే. ఒక్కో మెట్టునూ భయం విసుగుగా మారేదాకా పదేపదే చేయాలి. హైదరాబాదు తిరిగి వచ్చాక, రద్దీ లేని మధ్యాహ్న వేళ నాగోలు నుంచి ఉప్పల్ దాకా ఒక్క స్టేషను, తర్వాత తార్నాక, ఆ తర్వాత ఉదయం రద్దీలో అమీర్‌పేట.

దానితో పాటు దడ అంటేనే ఉన్న భయం పోవడానికి, ఇంటి దగ్గర ఒక నిమిషం నిలబడిన చోటే పరుగెత్తడం, కుర్చీలో గిర్రున తిరగడం, సన్నని గొట్టంతో ఊపిరి తీసుకోవడం వంటివి చేయిస్తాము. ఆస్తమా, గుండె జబ్బు లేవని వైద్యుడు చెప్పాకే ఇవి మొదలుపెట్టాలి. తను పుట్టించిన దడ తనంతట తానే తగ్గడం అతను కళ్ళారా చూస్తాడు. జేబులో బిళ్ళ, చేతిలో నీళ్ళ సీసా, ఫోనులో అమ్మ, ఇవన్నీ కూడా మెల్లగా వదలాలి. లేకపోతే ‘అవి ఉన్నాయి కాబట్టి బతికాను’ అనే అనుకుంటాడు.

కొన్ని రోజులు వెనక్కి పోతాడు. నిద్ర చాలని రోజున, జ్వరం వచ్చి లేచిన వారంలో, నిన్న దాటిన వంతెన ఇవాళ దాటలేకపోవచ్చు. అప్పుడు ఎవరూ ముఖం చిన్నబుచ్చుకోవద్దు, మొదటికి వచ్చిందని అనవద్దు. దారిలో దిగిపోతే దిగిన చోటే కాసేపు కూర్చుని, భయం కొంత తగ్గాక, ఇంటికి వచ్చే ఆటో ఎక్కకుండా, అదే దారిలో వెళ్ళే తర్వాతి బస్సు ఎక్కమనండి.